మీటరు ఎవరి చేతిలో ఉంది?

పోయిన సంచికలో, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కట్టాలనుకుంటున్న అణు విద్యుత్ కేంద్రం గురించి, దాని భద్రత గురించి నాలుగు మాటలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నిటికీ జవాబు రాయడం కుదరదు కాబట్టి ఆరు తీసుకున్నాను. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట: నేను శాస్త్రవేత్తను కాను. విశాఖ చుట్టుపక్కల ట్యాంకులు, పైపులైన్లు, ఓడల పనుల దగ్గర వెల్డింగ్ జాయింట్లకు గామా కిరణాలతో ఫిల్ములు తీసే పనిలో పాతికేళ్లు ఉన్నాను. చివరి పదకొండేళ్లు రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. తెలిసింది తెలిసినట్టు చెబుతాను.

ప్రశ్న: మా ఆయన ఒక కాంట్రాక్టరు దగ్గర ఎన్‌డీటీ (వస్తువును కోయకుండా లోపాలు పట్టే) పని చేస్తారు, ఎక్కువగా నైట్ డ్యూటీలు. ఛాతీకి పెట్టుకోమని ఒక బ్యాడ్జి ఇచ్చారట గానీ, సూపర్‌వైజరు అందరివీ తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తాడట. పోగొడితే డబ్బులు కట్టాలని భయం. మూడు నెలలకోసారి వచ్చే రిపోర్టులో సున్నా ఉంటోంది, అంతా బాగానే ఉందిగా అంటారు ఈయన. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఆయన ఇంటికి రాగానే పిల్లలు మీద పడతారు, వాళ్లకేమైనా అంటుకుంటుందా? (ఒక సోదరి, గాజువాక)

జవాబు: అమ్మా, ముందు పిల్లల సంగతి. ఏమీ అంటుకోదు. మీ ఆయన ఫిల్ములు తీయడానికి వాడే కెమెరాలో ఉండే సోర్సు, అంటే ఇరిడియం-192 అనే రేడియేషన్ ఇచ్చే లోహం, చిన్న గొట్టంలో సీలు చేసి ఉంటుంది. దాన్నుంచి వచ్చే గామా కిరణాలు ఒంట్లోంచి దూసుకుపోతాయే తప్ప బట్టలకూ చేతులకూ మసిలా అంటుకోవు. ఎక్స్‌రే తీయించుకుని వచ్చిన మనిషిని ముట్టుకుంటే మనకేం కాదు కదా, ఇదీ అంతే. పిల్లల్ని నిరభ్యంతరంగా ఎత్తుకోనివ్వండి.

కానీ ఆ బీరువా సంగతి విన్నాక నాకూ నిద్ర పట్టలేదు. ఆ బ్యాడ్జి పేరు టీఎల్‌డీ. లోపల మూడు చిన్న బిళ్లలుంటాయి, పడిన రేడియేషన్‌ను అవి దాచుకుంటాయి. ల్యాబులో వేడి చేస్తే దాచుకున్నంతా వెలుగు రూపంలో బయటికొస్తుంది, ఆ వెలుగును కొలిచి డోసు లెక్క కడతారు. అంటే బ్యాడ్జి ఎక్కడుంటే అక్కడి లెక్కే చెబుతుంది. బీరువాలో ఉంటే బీరువాకు ఎంత డోసు పడిందో చెబుతుంది. మీరు చూస్తున్న ఆ సున్నా బీరువాది, మీ ఆయనది కాదు. నిజానికి ప్రతి సంస్థకూ బ్యాడ్జిలతో పాటు కంట్రోల్ బ్యాడ్జి అని ఒకటి విడిగా వస్తుంది, రేడియేషన్ లేని చోట పెట్టాల్సింది ఆ ఒక్కదాన్నే. మిగతావన్నీ మనుషుల గుండెల మీద ఉండాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానో ఒక లెక్క చెబుతాను. 50 క్యూరీల (సోర్సు బలాన్ని క్యూరీల్లో చెబుతారు) ఇరిడియం సోర్సు కెమెరా బయట ఉన్నప్పుడు ఒక మీటరు దూరంలో ఐదు నిమిషాలు నిలబడితే సుమారు 20 మిల్లీసీవర్టులు (ఒంటికి పడే డోసును కొలిచే లెక్క ఇది) పడుతుంది. రేడియేషన్ పనివాళ్లకు మన దేశంలో ఐదేళ్లలో మొత్తం 100 దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. అంటే సగటున ఒక ఏడాదికి ఒప్పుకున్న డోసంతా ఐదు నిమిషాల్లో అయిపోతుంది. మామూలు జనానికైతే ఏడాదికి 1 మాత్రమే.

నాకే జరిగింది చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక రాత్రి ఊరికి దక్షిణాన ఒక ట్యాంకు పని. షాట్ (సోర్సును బయటికి పంపి ఫిల్ము తీయడం) అయిపోయింది, దూరం నుంచి క్రాంక్ తిప్పి సోర్సును కెమెరాలోకి వెనక్కి లాగాం, హ్యాండిల్ చివరిదాకా వచ్చినట్టే అనిపించింది. హెల్పరు కుర్రాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, ఫిల్ము తీయడానికి, సోర్సు బయటికి వెళ్లివచ్చే గైడ్ ట్యూబు వైపు నడిచాడు. నా చేతిలో రేడియేషన్ ఎంతుందో చూపే సర్వే మీటరు ఉంది, ముల్లు కదల్లేదు. కదలకపోతే మంచిదే కదా. కానీ ఆ పూట ఎందుకో బ్యాటరీ చెక్ బటన్ నొక్కాను. బ్యాటరీ చచ్చిపోయి ఉంది. గట్టిగా అరిచాను. ఆ కుర్రాడు అప్పటికి సగం దూరం వెళ్లిపోయి, నా అరుపుకి బిగుసుకుపోయి అక్కడే నిలబడ్డాడు, వెనక్కి రారా అని మళ్లీ అరిస్తే గానీ కదల్లేదు. టార్చిలైటు సెల్సు తీసి మీటర్లో వేస్తే ముల్లు ఆ చివరికి వెళ్లి కొట్టుకుంది. సోర్సు ట్యూబులోనే ఇరుక్కుపోయి ఉంది. దూరం నుంచే మళ్లీ ముందుకు తోసి వెనక్కి లాగి, మొత్తానికి లోపలికి తెచ్చాం. ఆ బ్యాటరీలు మార్చాలని అంతకు పది రోజుల ముందే చీటీ రాసిచ్చాను. మీటరు లేకపోయినా క్రాంకు తిరిగితే చాలదా అన్నాడు ఆ చీటీ తీసుకున్న మనిషి.

తెల్లారాక రిపోర్టు రాస్తానంటే కాంట్రాక్టరు నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించి, రాస్తే పని ఆగుతుంది, యాభై మంది కూలీల పొట్ట కొట్టినట్టవుతుంది, ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నాడు. రాశాను. మూడు వారాల్లో నన్ను ఆ సైటు నుంచి తీసేశారు. ఆ రోజు నాకు ఒకటి బాగా అర్థమైంది, కింది ఉత్తరాలకు జవాబు కూడా అందులోనే ఉంది. పని ఆగితే నష్టపోయేవాడి జీతం తింటూ, ఆ పని ఆపమని చెప్పడం ఎంత కష్టమో మీటరు పట్టుకున్నవాడికే తెలుస్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. సోర్సు వాడే ప్రతి సంస్థలో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు అని ఒకరు ఉండి తీరాలి, ఆయన పేరు లైసెన్సు కాగితాల్లో ఉంటుంది. మీ ఆయన్ని ముందు ఆయనకు రాతపూర్వకంగా ఇవ్వమనండి, నోటిమాటగా వద్దు. తన డోసు రికార్డు అడిగి చూసుకునే హక్కు మీ ఆయనకుంది. ఒక్కరే వెళ్లడం కంటే నలుగురూ కలిసి వెళితే మంచిది, బ్యాడ్జిలు అందరివీ ఆ బీరువాలోనే ఉన్నాయి కదా. అక్కడ వినకపోతే ముంబైలో ఉన్న అణుశక్తి నియంత్రణ మండలికి, అంటే ఏఈఆర్‌బీకి, నేరుగా రాయవచ్చు. ఈలోగా సాయంత్రం డ్యూటీకి బయలుదేరేటప్పుడు మీరొక్క మాట అడగండి: బ్యాడ్జి చొక్కాకు ఉందా, మీటర్లో బ్యాటరీ ఉందా?

ప్రశ్న: మాది గోపాలపట్నం. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు మేం పిల్లల్ని చంకనేసుకుని ఎటు పరిగెడుతున్నామో తెలియకుండా పరిగెత్తాం. సైరన్ కూడా మోగలేదు. ఆ తర్వాత తెలిసింది, ఆ ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతే సరిగా లేదని. ఇప్పుడు కొవ్వాడలో అణు రియాక్టర్లు అంటున్నారు. కంపెనీవాడు తప్పు చేస్తాడు సరే, కంపెనీని చూడాల్సినవాడు ఏం చేస్తున్నాడు? అతన్ని ఎవరు చూస్తారు? (ఒక పాఠకుడు, గోపాలపట్నం)

జవాబు: ఆ ప్రమాదంలో 12 మంది పోయారు. రోడ్డు మీద పడిపోయిన మనుషుల్ని, పశువుల్ని టీవీలో చూసినవాళ్లం మేం, మీరు ఆ వీధుల్లోంచి పరిగెత్తినవాళ్లు. మీరు అడిగే పద్ధతిలో ఈ ప్రశ్న అడిగే అర్హత మీకే ఉంది, అందుకే ఈ జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది.

ముందు కొవ్వాడ ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాను. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం, మన విశాఖకు సుమారు 70 కిలోమీటర్లు. మొదట వేరే అమెరికా కంపెనీ రియాక్టర్లన్నారు, ఇప్పుడు వెస్టింగ్‌హౌస్ వాళ్ల ఏపీ1000 రకం, ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు. రెండు వేల ఎకరాల పైచిలుకు భూమి తీసుకున్నారు. రియాక్టరు పని మాత్రం మొదలుకాలేదు. మొదలుకాలేదు కాబట్టే ఇప్పుడు అడగాలి.

అనుమతుల దారి ఇలా ఉంటుంది. స్థలం ఎంపికకు ఏఈఆర్‌బీ ఒకసారి ఒప్పుకోవాలి, కట్టడానికి ఒకసారి, కట్టాక ప్రయోగాత్మకంగా నడపడానికి ఒకసారి, ఆపైన పూర్తిగా నడపడానికి ఒకసారి. నడిపే లైసెన్సు ఐదేళ్లకు మించి ఇవ్వరు, పదేళ్లకోసారి మొత్తం మళ్లీ తిరగదోడి చూస్తారు. ఏ మెట్టు దగ్గరైనా ఆపవచ్చు. ఏఈఆర్‌బీ ఇన్‌స్పెక్టర్లను నేను సైట్లలో చూశాను. రేడియోగ్రఫీ సైటుకొచ్చినా సరే లాగ్‌బుక్కు తేదీ తేదీ తిప్పి చూసే మనుషులు వాళ్లు, వాళ్ల చదువు మీద గానీ నిజాయితీ మీద గానీ నాకు అనుమానం లేదు. నా అనుమానమంతా వాళ్లు కూర్చున్న కుర్చీ మీద.

ఆ కుర్చీ కథ వినండి. ఏఈఆర్‌బీని 1983 నవంబరు 15న పెట్టారు. పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టంతో కాదు, 1962 నాటి అణుశక్తి చట్టం కింద ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో. పెట్టినప్పటి నుంచీ అది జవాబు చెబుతూ వచ్చింది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్ ఛైర్మనే అణుశక్తి శాఖ కార్యదర్శి. అణు విద్యుత్ కేంద్రాలు కట్టి నడిపే ఎన్‌పీసీఐఎల్ ఉన్నది ఆ శాఖ కిందే. అంటే ఫ్యాక్టరీ యజమానికీ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకీ పైన ఉన్న పెద్దమనిషి ఒక్కరే. నా కాంట్రాక్టరు టీ గ్లాసు నాకు మళ్లీ గుర్తొస్తుంది ఇక్కడ. అది చిన్న సైటు, ఇది దేశం. ఇరుకు మాత్రం ఒకటే.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 2012లో ప్రభుత్వ లెక్కల్ని తనిఖీ చేసే కాగ్ ఏఈఆర్‌బీ మీదే ప్రత్యేకంగా ఒక రిపోర్టు ఇచ్చింది. రూల్సు చేసే అధికారం లేని, ప్రభుత్వానికి లోబడి ఉన్న సంస్థ అని రాసింది. ఉల్లంఘనకు జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలని రాసింది. 500! రేడియేషన్ విషయంలో తప్పు చేస్తే. 2015లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణులు వచ్చి చూసి, మీ సంస్థలో మంచి పనితనం ఉంది గానీ దాని స్వతంత్రతను చట్టంలోనే పెట్టండి అని సిఫారసు చేసి వెళ్లారు.

జపాన్‌లోనూ ఇదే ఇరుకు. 2011 మార్చి 11న ఫుకుషిమా అణు ప్రమాదం జరిగేనాటికి అక్కడి అణు భద్రతా సంస్థ, అణు విద్యుత్తును పెంచాల్సిన ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖలోనే ఒక భాగం. పార్లమెంటు వేసిన విచారణ సంఘం 2012లో తేల్చింది ఏమిటంటే, సునామీ వచ్చింది నిజమే కానీ ప్రమాదం మాత్రం మనుషులు చేసిందేనని, నియంత్రించాల్సినవాళ్లూ కంపెనీవాళ్లూ ఒక్కటైపోయారని. ఆ ఏడాది సెప్టెంబరులో పాతదాన్ని మూసేసి కొత్త సంస్థ పెట్టారు. అమెరికావాళ్లు ఈ పని ఎప్పుడో చేశారు. పెంచే పని, కాపలా కాసే పని రెండూ ఒకే కమిషన్ చేతిలో ఉండేవి, 1974లో చట్టం చేసి 1975 జనవరి నుంచి రెండుగా విడగొట్టారు.

మన దగ్గర 2011 సెప్టెంబరులో ఒక బిల్లు లోక్‌సభలో పెట్టారు, ఏఈఆర్‌బీ స్థానంలో కొత్త నియంత్రణ సంస్థ కోసం. 2014లో ఆ సభ ముగియడంతో అదీ పోయింది. మళ్లీ 2025 డిసెంబరులో గానీ కదల్లేదు. శాంతి చట్టం అని పార్లమెంటు ఆమోదించింది, 1962 చట్టాన్ని తీసేసి, ప్రైవేటు కంపెనీలకు తలుపు తీసి, ఏఈఆర్‌బీకి మొదటిసారి చట్టబద్ధ హోదా ఇచ్చింది. హోదా రావడం మంచిదే, నలభై రెండేళ్లు ఆలస్యమైనా మంచిదే. కానీ నేను చూసేది వేరు. ఛైర్మన్‌ను ఎంచే చెయ్యి ఎవరిది, తీసేసే చెయ్యి ఎవరిది, బడ్జెట్టు ఎవరు ఇస్తారు, ఇన్‌స్పెక్టరు రాసిన రిపోర్టు జనానికి చూపిస్తారా లేదా. ఈ నాలుగింటిలోనూ అణుశక్తి శాఖ పేరు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టుకోండి, ఆ సంస్థ ఎంత స్వతంత్రమో మీకే తెలిసిపోతుంది. ప్రైవేటు కంపెనీ దిగాక ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే రియాక్టరు ఒక్క రోజు ఆగితే పోయే డబ్బు లెక్క నా కాంట్రాక్టరు లెక్కలాంటిది కాదు.

సైరన్ గురించి అడిగారు. రియాక్టరు చుట్టూ కనీసం ఒక కిలోమీటరు వరకు ఎవరూ నివసించకూడదు, ఐదు కిలోమీటర్ల వరకు జనాభా పెరిగే పనులు పెట్టకూడదు, 16 కిలోమీటర్ల వరకు అత్యవసర ప్రణాళిక సిద్ధంగా ఉండాలి. బయటి ప్రణాళికకు బాధ్యుడు జిల్లా కలెక్టరు. రెండేళ్లకోసారి ఊళ్లవాళ్లతో కలిసి డ్రిల్లు చేయాలి. విశాఖ ఈ 16 కిలోమీటర్లలోకి రాదు. రణస్థలం చుట్టుపక్కల ఊళ్లు వస్తాయి, మత్స్యకారుల పల్లెలు వస్తాయి. వేటకెళ్లిన పడవలకు కబురెలా అందుతుంది, థైరాయిడ్‌ను కాపాడే అయోడిన్ మాత్రలు ఏ ఊళ్లో ఎవరి దగ్గర ఉంటాయి, ఏ బస్సులు ఏ రోడ్డున వస్తాయి, ఇవన్నీ ప్రజాభిప్రాయ సేకరణలో నిలబడి అడగాల్సినవి. మీలాంటివాళ్లు వెళ్లి అడిగితే, మే 7న మాకెవరూ చెప్పలేదు అని చెప్పి అడిగితే, ఆ మాటకుండే బరువు నా రాతకు రాదు.

ప్రశ్న: మీరు జనాన్ని భయపెడుతున్నారు. దేశానికి కరెంటు కావాలా వద్దా? బొగ్గు పొగకు చచ్చేవాళ్లు లెక్కలోకి రారా? (సీతమ్మధార)

జవాబు: కావాలి. వస్తారు. నేను అణు విద్యుత్తుకు వ్యతిరేకిని కాను, గామా సోర్సుతోనే పిల్లల్ని చదివించుకున్నవాణ్ణి. అడగాల్సినవాడు అడగడం మానేసినప్పుడే నాకు భయం.

ప్రశ్న: హుద్‌హుద్ అప్పుడు మా ఎంవీపీ కాలనీలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి తుఫాను కొవ్వాడ మీద పడితే? రియాక్టరు ఆపేస్తే సరిపోతుంది కదా అంటున్నాడు మా అబ్బాయి. (ఒక గృహిణి)

జవాబు: మీ అబ్బాయి సగం కరెక్టే అమ్మా. ఆపడం సులువు, సెకన్లలో ఆగుతుంది. కానీ గ్యాస్ పొయ్యిలా కట్టేస్తే చల్లారదు. ఆపిన క్షణాన కూడా లోపల ఆరేడు శాతం వేడి పుడుతూనే ఉంటుంది, రోజు గడిచినా అర శాతం దాకా మిగులుతుంది. అర శాతమంటే చిన్నదిగా వినిపిస్తుంది గానీ, ఏపీ1000 సైజు రియాక్టరులో అది 15 మెగావాట్ల పైమాటే. ఆ వేడిని తీసేయడానికి నీళ్లు తిరగాలి, నీళ్లు తిరగాలంటే పంపులు, పంపులకు కరెంటు. 2014 అక్టోబరు 12న మన స్తంభాలన్నీ నేలకొరిగినట్టు అక్కడా ఒరిగితే డీజిల్ జనరేటర్లు అందుకోవాలి. ఫుకుషిమాలో ఆ జనరేటర్లే నీళ్లలో మునిగాయి. మన కల్పాక్కంలో 2004 సునామీ నాడు సముద్రపు నీటి పంపులు మునిగినా, నడుస్తున్న రియాక్టరును క్షేమంగా ఆపి చల్లబరిచారు.

మన దేశంలో దీనికి ఇంకా దగ్గరి పాఠం ఉంది, చాలామందికి తెలియదు. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైను బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ లీకై, మంటలంటుకున్నాయి. మామూలు కరెంటు కేబుళ్లూ అవసరానికి వాడే కేబుళ్లూ ఒకే దారిలో వేసి ఉండటంతో రెండూ కాలిపోయాయి. దాదాపు 17 గంటలు స్టేషను మొత్తం కరెంటు లేకుండా ఉంది. ఆ పొగలో, చీకట్లో ఆపరేటర్లు పైకెక్కి, రియాక్టరులో చర్య మళ్లీ మొదలవకుండా బోరాన్ ద్రావణాన్ని చేత్తో వాల్వులు తిప్పి వదిలారు. మంటలార్పే డీజిల్ పంపుల నీళ్లతో చల్లబరిచారు. రేడియేషన్ బయటికి రాలేదు. వాళ్లకు నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను. అయితే రెండు కేబుళ్లు ఒకే దారిలో ఎందుకున్నాయని డ్రాయింగు దశలోనే అడిగి ఆపించి ఉంటే, వాళ్లు ఆ చీకట్లో ఎక్కాల్సిన అవసరమే ఉండేది కాదు. నియంత్రణ సంస్థ పని అదే, కాగితం మీద ఉండగానే అడగడం.

ఏపీ1000లో పైకప్పు మీదే పెద్ద నీళ్ల ట్యాంకు పెట్టి, పంపులు లేకుండా 72 గంటల పాటు చల్లబడేలా డిజైను చేశారు. మంచి డిజైనే. హుద్‌హుద్ తర్వాత మీ ఇంటికి కరెంటు ఎన్ని గంటలకు వచ్చిందో గుర్తుంది కదా, 72 తర్వాత ఆ ట్యాంకులోకి నీళ్లు ఎవరు, ఏ రోడ్డు మీద, ఏ పంపుతో తెస్తారు అన్నదే అడగాలి.

ప్రశ్న: భీమిలి బీచ్‌లో నల్ల ఇసుకలో రేడియేషన్ ఉందట, పిల్లల్ని తీసుకెళ్లవచ్చా? అలాగే కేజీహెచ్ ఆసుపత్రి చుట్టుపక్కల అన్ని స్కానింగ్ సెంటర్లున్నాయి, వాటిని ఎవరైనా చూస్తారా? (మహారాణిపేట)

జవాబు: తీసుకెళ్లండి. ఆ ఇసుకలో మోనజైట్ ఉంటుంది, అందులో థోరియం ఉంటుంది, నిజమే. సాయంత్రం ఆడుకుని వస్తే భయపడాల్సింది అలలకే. ఆ ఇసుకను తవ్వి మోనజైట్ వేరు చేసే పనివాళ్ల సంగతి వేరు, అక్కడ ఏఈఆర్‌బీ రూల్సు వర్తిస్తాయి.

స్కానింగ్ సెంటర్ల గురించి అడిగి మంచి పని చేశారు, ఎందుకంటే మనలో ఎక్కువమందికి రేడియేషన్ తగిలేది రియాక్టరు దగ్గర కాదు, అక్కడే. ఎక్స్‌రే మిషనుకు ఏఈఆర్‌బీ రిజిస్ట్రేషను, సీటీకి లైసెన్సు ఉండాలి. నేను పైన చెప్పిన 2012 కాగ్ రిపోర్టులోనే, దేశంలో వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో 91 శాతం రిజిస్ట్రేషను లేకుండానే నడుస్తున్నాయని ఉంది. ఆ తర్వాత ఆన్‌లైన్ పద్ధతి వచ్చి దరఖాస్తు సులువైంది. మీరు కౌంటరు దగ్గర డబ్బులు కట్టేముందు ఏఈఆర్‌బీ సర్టిఫికెట్ ఒకసారి చూపించండి అని అడగండి, మొహమాటం వద్దు. ఛాతీ ఎక్స్‌రే 0.1 మిల్లీసీవర్టు లోపే, పొట్ట సీటీ 8, 10 దాకా వెళుతుంది. డాక్టరు అవసరమన్న సీటీని భయంతో మానేయకండి, కానీ పోయిన నెల తీసిందే ఉంటే ఆ ఫిల్ము పట్టుకెళ్లి చూపించండి. గర్భం ఉందేమో అనుకుంటే గదిలోకి వెళ్లకముందే చెప్పండి. ఎమ్మారై, అల్ట్రాసౌండ్‌లలో ఈ రకం రేడియేషన్ ఉండదు, వాటికి టెన్షన్ అక్కర్లేదు.

ఇంకో ఇద్దరు అచ్యుతాపురం దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రం క్యాంపస్ గురించి అడిగారు. ఆ సంస్థను 2000లో ఏఈఆర్‌బీ పరిధి నుంచి తప్పించారు, దాని భద్రతను దాని సొంత కమిటీలే చూసుకుంటాయి. మీటరు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న అక్కడా ఉంది.

ప్రశ్న: ఆటోనగర్‌లో మాది చిన్న స్క్రాప్ షాపు. మొన్నొక లోడులో సైజుకు మించి బరువున్న ఇనప డబ్బా వచ్చింది. మీద పసుపు రంగులో మూడు రెక్కల గుర్తు చెరిగిపోయినట్టుంది. కుర్రాళ్లు కోసేస్తామంటున్నారు. (ఒక వ్యాపారి)

జవాబు: బాబూ, ఈ ఉత్తరం చేరిన రోజే మీకు ఫోన్ చేశాను, మీరు కోయలేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. మిగతా షాపులవాళ్ల కోసం ఇక్కడ కూడా రాస్తున్నాను. 2010లో ఢిల్లీ మాయాపురి స్క్రాప్ బజారులో ఇలాంటిదే కోశారు. ఒక విశ్వవిద్యాలయం ల్యాబులో ఏళ్ల తరబడి వాడకుండా పడున్న యంత్రాన్ని పాత సామానుతో పాటు వేలం వేసేశారు, అందులో రేడియేషన్ వెదజల్లే కోబాల్ట్-60 ఉంది. కోబాల్ట్ బలం సగానికి తగ్గడానికే ఐదేళ్ల పైన పడుతుంది, మూలన పడేసినంత మాత్రాన చచ్చిపోదు. ఒక మనిషి చనిపోయాడు, ఏడుగురు ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లంతా మీ కుర్రాళ్లలాంటివాళ్లే. యంత్రం ఎవరి దగ్గరుందో, ఏమైందో ఏటా అడగాల్సినవాళ్లు అడగలేదు.

ఆ మూడు రెక్కల గుర్తు, అంటే రేడియేషన్ గుర్తు, ఉన్నది గానీ, గుర్తు లేకపోయినా సైజుకు మించి బరువున్నది గానీ వస్తే కోయొద్దు, కొట్టొద్దు, జేబులో వేసుకోవద్దు. అందరినీ దూరంగా జరిపి, ఎవరూ దగ్గరికి రాకుండా తాడు కట్టి, 112కు ఫోన్ చేసి రేడియేషన్ గుర్తున్న వస్తువు దొరికిందని ఆ మాటే చెప్పండి. పోలీసులు, కలెక్టరు ఆఫీసు ద్వారా అణుశక్తి శాఖవాళ్లు మీటర్లతో వస్తారు. లోడు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ బిల్లు జాగ్రత్తగా ఉంచండి, వాళ్లు ముందు అడిగేది అదే.